గట్టు మీద తిరిగే మొసళ్లు

చరిత్రను ఆధారం చేసుకుని తయారైన వ్యూహక్రీడలను సమీక్షించేవారు సాధారణంగా సైన్యాల గురించి, బొమ్మల నాణ్యత గురించి, ఏ రాజ్యం మిగతావాటి కంటే అన్యాయంగా బలంగా ఉందన్న దాని గురించి రాస్తారు. నేను ఈ సమీక్షలో ఐదు ఆటలను తీసుకుని, వాటిలో ఒక్క జంతువును మాత్రమే పరీక్షిస్తాను. ఆ జంతువు మొసలి. ఇంత ఇరుకైన పరీక్ష ఎందుకని అడిగేవారి కోసం కారణం ముందే చెబుతాను.

మేముండేది చెన్నైలో, వేళచ్చేరిలో. ఈ వేసవిలో మా అక్క కొడుకు నెల్లూరు నుంచి సెలవులకు వచ్చాడు. వాడు ఉదయమంతా 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ఆడుతూ, చెరువు పక్కన కట్టెలు కొట్టుకుంటున్న పనివాడిని ఒక మొసలి తరుముకుంటూ ఊరి వైపు రావడం చూసి ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టాడు. మధ్యాహ్నం వాణ్ణి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, నగరానికి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వడనెమ్మేలిలో ఉన్న మద్రాస్ క్రొకడైల్ బ్యాంకుకు తీసుకువెళ్లాను. రోములస్ విటకర్, జై విటకర్ 1976లో స్థాపించిన ఈ కేంద్రంలో మగ్గర్ జాతి మొసళ్లు కలప అడితిలో పేర్చిన దుంగల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. పావుగంట సేపు వాటిలో ఒక్కటీ కదలలేదు. "మామయ్యా, ఇవి నిజం మొసళ్లేనా, సిమెంటుతో చేసి పెట్టారా?" అని వాడు అడిగాడు. "నిజమైనవే నాన్నా, కాస్త ఆగి చూడు" అన్నాను. ఆగి చూసినా అవి కదలలేదు. తిరుగు ప్రయాణంలో వాడు తన తీర్పు చెప్పేశాడు: "ఆటలోవే బాగున్నాయి."

ఆ తీర్పు నాకు మింగుడుపడలేదు. కానీ వాడిది తప్పని చెప్పాలంటే ఆటలోని మొసలికీ, గోడ అవతల ఎండలో పడుకున్న మొసలికీ ఉన్న తేడా ఏమిటో ముందు నాకు తేలాలి. అందువల్ల తరువాతి కొన్ని వారాలు పాత, కొత్త ఆటలను మళ్లీ తెరిచి కూర్చున్నాను.

మొసలి శీతలరక్త జంతువు. దాని ఒంటి వేడిని ఎండనీడలే నిర్ణయిస్తాయి కాబట్టి అది గంటల తరబడి నోరు తెరుచుకుని గట్టు మీద పడుకుంటుంది. శరీరానికి అయ్యే తిండి ఖర్చు తక్కువ కాబట్టి బాగా ఎదిగిన మొసలి నెలల తరబడి పస్తు ఉండగలదు. కళ్లు, ముక్కు రంధ్రాలు, చెవులు తల పైభాగంలోనే ఉండడం వల్ల మిగతా శరీరమంతా నీటిలో దాచుకుని, నీళ్లు తాగడానికి వచ్చిన జంతువు మీదికి ఒక్క ఉదుటున లంఘిస్తుంది. పట్టు చిక్కితే నీటిలోకి లాగుతుంది, చిక్కకపోతే వదిలేస్తుంది. నేల మీద పొట్ట పైకెత్తి నడవగలదు, కొద్ది దూరం చురుకుగానే కదలగలదు, కానీ అది వెంటాడి వేటాడే జంతువు కాదు. ఎక్కువసేపు పెనుగులాడితే కండరాల్లో పుట్టిన ఆమ్లం రక్తంలో పేరుకుని అలసిపోతుంది. నీటిలో ఏనుగునైనా నిలబెట్టగల మొసలి గట్టెక్కితే కుక్క చేతిలో భంగపడుతుందనీ, అది దాని సొంత బలం కాదు, స్థానబలమనీ మనకు చిన్న తరగతుల్లోనే పద్యం వల్లె వేయించారు. నేను ఈ ఆటలకు పెట్టిన కొలబద్ద ఆ పద్యమే. కొండ ఎవరి చేతిలో ఉంది, వాగు ఎక్కడ దాటవచ్చు, వంతెనను ఎవరు ముందు పట్టుకున్నారు అని లెక్కలు వేసే వ్యూహక్రీడ మొత్తం స్థానబలం మీదే నడుస్తుంది. అలాంటి ఆటలో మొసలి కంటే సహజంగా ఇమడగలిగిన జంతువు మరొకటి ఉండకూడదు.

మొదట 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' సంగతి. ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారు చేయగా మైక్రోసాఫ్ట్ 1997లో విడుదల చేసిన ఈ ఆటలో మొసలి ఉంది, కానీ దాని పేరు అలిగేటర్, అంటే మొసలిని పోలిన వేరే జంతువు పేరు. ఇది చిన్న పొరపాటు కాదు. ప్రపంచంలో అలిగేటర్ జాతులు రెండే ఉన్నాయి. ఒకటి అమెరికాది, రెండోది చైనాది. ఆఫ్రికాలో అలిగేటర్ లేదు. ఆట నేర్పడానికి ఉద్దేశించిన మొట్టమొదటి క్యాంపెయిన్‌ను, అంటే కథగా సాగే ఘట్టాల వరుసను, నైలు నది ఒడ్డున పెట్టి, ఆ ఆటలో తిరిగే జంతువుకు అలిగేటర్ అని పేరు పెట్టడం, కృష్ణా తీరంలో కథ నడుపుతూ కంగారూను తిప్పినట్టుగా ఉంటుంది. ఆటగాడు సొంత ఘట్టాలు తయారుచేసుకునే సినారియో ఎడిటర్‌లో 'అలిగేటర్ కింగ్' అనే ప్రత్యేక జీవి కూడా ఉందన్నది తెలిసినవాళ్లకు తెలుసు. మృగరాజులు అన్ని జాతులకూ ఉండాలని వాళ్లు అనుకున్నట్టున్నారు.

పేరు సంగతి పక్కన పెడితే, ఈ ఆట మొసలికి ఇచ్చిన స్థానం నాకు మిగతావాటి కంటే నచ్చింది. దీనిలో మొసలి శత్రువు మాత్రమే కాదు, ఆహారం కూడా. జింకను వేటాడితే 150, ఏనుగును పడగొడితే 300, సింహానికీ మొసలికీ 100 చొప్పున ఆహారం దక్కుతుంది. అంటే పళ్లపొద పక్కన ఉండగా మొసలి జోలికి వెళ్లడం లెక్క ప్రకారం తెలివితక్కువ పని. పొదలో 150 ఉంటుంది, పొద కరవదు. అయినా ఒక్కోసారి తప్పదు. జింకలు అయిపోయి, పొలానికి కావలసిన కలప ఇంకా చేతికి రాని ఆ ఇరకాటపు నిమిషాల్లో ముగ్గురు పనివాళ్లను పోగు చేసుకుని మొసలిని చంపి తినడమా, ఆ దారి వదిలేసి చుట్టూ తిరిగి పోవడమా అన్న నిర్ణయం ఆటగాడే తీసుకోవాలి. ఒంటరి పనివాడిని పంపిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ముగ్గురిని పంపిస్తే ముగ్గురి సమయం పోతుంది. జంతువు ఒక నిర్ణయంగా మారడమే మంచి రూపకల్పన అని నా అభిప్రాయం.

ఈజిప్టువాళ్లు మొసలిని తినేవారా అని అనుమానించేవారికి క్రీస్తుపూర్వం 5వ శతాబ్దానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ జవాబు రాసి పెట్టాడు. కొన్ని ప్రాంతాల్లో మొసలిని దైవంగా కొలుస్తారనీ, చెవులకు బంగారు పోగులు, ముందు కాళ్లకు కడియాలు తొడుగుతారనీ, ఎలిఫాంటైన్ పట్టణం చుట్టుపక్కలవాళ్లు మాత్రం దాన్ని పవిత్రమైనదిగా చూడరు సరికదా తింటారనీ ఆయన చెబుతాడు. వేట పద్ధతినీ వర్ణించాడు. గాలానికి పంది వీపు మాంసం తగిలించి నది మధ్యకు వదులుతారు. గట్టు మీద ఒక పందిపిల్లను కొడుతూ అరిపిస్తారు. ఆ అరుపు విని వచ్చిన మొసలి ఎరను మింగగానే ఒడ్డుకు లాగి, అన్నిటికంటే ముందు దాని కళ్లకు బురద పూస్తారు. కళ్లు మూసుకుపోతే మిగతా పని సులువవుతుందట. మా మేనల్లుడికి ఇది చదివి వినిపిస్తే ఆ పందిపిల్లను ఆటలో ఎందుకు పెట్టలేదని అడిగాడు. నాకూ అదే సందేహం. మొసలిని దాని స్థానం నుంచి బయటికి రప్పించి ఆ తరువాత చంపే ఈ పద్ధతిలో ఒక చక్కని వ్యూహక్రీడకు కావలసిన సరుకంతా ఉంది. ఆటలో మాత్రం పనివాడు నిలబడి కొడుతూ ఉంటాడు, మొసలి వచ్చి కరుస్తూ ఉంటుంది.

ఈ ఆట 2018లో 'డెఫినిటివ్ ఎడిషన్'గా కొత్త బొమ్మలతో వచ్చింది. 2023లో 'రిటర్న్ ఆఫ్ రోమ్' అన్న అనుబంధంగా రెండో ఆట లోపలికి కూడా చేరింది. రోమ్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట: క్రీస్తుపూర్వం 58లో స్కౌరస్ అనే అధికారి రోమ్ ప్రజలకు చూపించడానికి తాత్కాలికంగా తవ్వించిన కాలువలో ఐదు మొసళ్లను పెట్టించాడు; ఈజిప్టు తన చేతికి వచ్చాక రోమ్ పాలకుడు అగస్టస్ పేర ముద్రించిన నాణేల మీద మొసలి బొమ్మ వేశారు. ఒక దేశానికి గుర్తుగా నిలిచిన జంతువు అది.

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' గురించి క్లుప్తంగానే రాస్తాను, ఎందుకంటే అందులో మొసలి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. 2015లో వచ్చిన 'ది ఆఫ్రికన్ కింగ్‌డమ్స్' అనుబంధంతో ఈ ఆటలోకి మొసలి వచ్చింది. 2019 నాటి 'డెఫినిటివ్ ఎడిషన్'లోనూ ఉంది. బొమ్మ చాలా అందంగా గీశారు. వీపు మీది పొలుసులు, తోక ఊపు, పక్కకు తిరిగే పద్ధతి చూస్తుంటే ముచ్చటేస్తుంది. నడవడి మాత్రం ఆ ఆటలో మొదటినుంచీ ఉన్న తోడేలుదే. దగ్గరికి వచ్చిన మనిషిని చూడగానే వెంటపడుతుంది, చంపితే గింజంత ఆహారం రాదు. తోడేలుకు మొసలి తోలు కప్పారు, అంతే. సింహానికీ పులికీ అదే మర్యాద దక్కింది కాబట్టి ఇది మొసలి మీద ప్రత్యేకంగా పెట్టుకున్న పగ కాదని తెలుస్తుంది. ఆడేటప్పుడు భయం పుట్టిస్తుందా అంటే పుట్టిస్తుంది. మా వాడి కేకలే సాక్ష్యం. కానీ ఆ భయంలో నీటికి భాగం లేదు. అదే మొసలిని ఎడారి నడుమ పెట్టినా ఆట ఒక్క పిసరు మారదు. 2022లో 'డైనస్టీస్ ఆఫ్ ఇండియా'తో ద్రావిడులను, రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్‌ను తెచ్చినప్పుడైనా మన నదుల సన్న మూతి ఘరియల్‌ కనిపిస్తుందేమోనని ఆశపడ్డాను. చేపలు తిని బతికే ఆ జీవికి నేనాడిన ఏ ఆటలోనూ చోటు దొరకలేదు.

'ఏజ్ ఆఫ్ మిథాలజీ' దారి వేరు. 2002లో మొదటిసారి, 2024లో 'రీటోల్డ్' పేరుతో మరోసారి వచ్చిన ఈ ఆట చరిత్ర కంటే పురాణానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దీన్ని ఈ జాబితాలో చేర్చాలా వద్దా అని తటపటాయించాను. చేర్చడమే మంచిదైంది. దీనిలో మొసలి రెండు అవతారాల్లో కనిపిస్తుంది. మొదటిది అడవి మృగం. దాని గురించి కొత్తగా చెప్పవలసింది లేదు, ఒక్క విషయం తప్ప. ఈజిప్టు దేవతల్లో సెట్‌ను ఎంచుకున్న ఆటగాడి పూజారులు అడవి మృగాలను తమ వైపు తిప్పుకోగలరు. అతడి ఫారో, అంటే ఈజిప్టు రాజు, మొసలి సహా కొన్ని మృగాలను పిలిపించుకోగలడు. మనం తప్పించుకు తిరిగిన మృగమే మన సైన్యంలో నడవడం తమాషాగా ఉంటుంది, అయితే ఆ మొసలి గుర్రాల వెనకే నేల మీద నడిచి యుద్ధానికి బయలుదేరినప్పుడు మళ్లీ ఆ పద్యం గుర్తుకొచ్చి నవ్వు వస్తుంది.

రెండో అవతారం పెట్సూకోస్. హాథోర్ దేవతను కొలిచేవారికి దక్కే ఈ మొసలి తల మీది మణి నుంచి సూర్యకాంతిని పుంజంగా చేసి దూరంలో ఉన్న శత్రువు మీదికి వదులుతుంది. వినడానికి పిల్లల కథలా ఉన్నా, ఈ ఐదు ఆటల్లోనూ మొసలి స్వభావానికి కొంతలో కొంత దగ్గరగా వచ్చిన రూపం నాకు ఇదే అనిపించింది. ఇది పరిగెత్తి కరవదు. ఒకచోట నిలబడి, గురి చూసి, ఒక్కసారిగా కొడుతుంది. దీని వెనక నిజమైన చరిత్ర కూడా ఉంది. నైలుకు పడమరన ఉన్న ఫయ్యూం ప్రాంతంలో గ్రీకులు క్రొకొడైలోపొలిస్ అని పిలిచిన నగరంలో మొసలి దేవుడైన సోబెక్ ప్రతిరూపంగా ఒక మొసలిని గుడి కొలనులో పెంచేవారు. దానికి గ్రీకులు పెట్టిన పేరే పెట్సూకోస్. భూగోళ రచయిత స్ట్రాబో అక్కడికి వెళ్లినప్పుడు పూజారులు ఆ మొసలి నోరు తెరిచి ముందు రొట్టె, తరువాత వేయించిన మాంసం పెట్టి, పైన తేనె కలిపిన పానీయం పోశారట. తిరుపతిలో ఏనుగుకు అరటిపండు ఇచ్చి మురిసిపోయే మనకు ఇది అంత వింతగా అనిపించకూడదు. ఆట తయారుచేసినవాళ్లు హెరడోటస్ చెప్పిన నగలను పట్టుకుని మణిగా, మణిని ఆయుధంగా మార్చారు. కల్పన చేసినా ఆధారం చూసుకుని చేశారు కాబట్టి దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

'ఫారో' సైన్యాల ఆట కాదు, నగర నిర్మాణపు ఆట. ఇంప్రెషన్స్ గేమ్స్ 1999లో తెచ్చిన దీన్ని 'ఫారో: ఎ న్యూ ఎరా' పేరుతో 2023లో మళ్లీ గీసి విడుదల చేశారు. ఏటా నైలు పొంగడం, పొంగు తగ్గాక ఒండ్రులో విత్తడం, రెల్లు కోసి పపైరస్ చేయడం, ఆ సంపాదనతో పిరమిడ్ కట్టడం ఇందులో జరిగే పని. ఈ ఆటలో నది పక్కనే బతుకు కాబట్టి మొసలికి మొదటిసారి తగిన చోటు దొరికింది. కొన్ని ఘట్టాల్లో మొసళ్లు, నీటిగుర్రాలు గట్టు పక్కన ఉంటాయి. అటుగా వెళ్లిన మనుషుల ప్రాణాలు తీస్తాయి. మొసలి ఉన్న చోట ఇళ్లు కట్టాలా, దారి మళ్లించాలా, సైనికులను పంపి ముందు ఆ చోటును ఖాళీ చేయించాలా అని ఆలోచించక తప్పదు. ఒక మృగం వల్ల పట్టణం మ్యాప్ మారడం మిగతా ఆటల్లో నేను చూడలేదు. లోటు ఒక్కటే: ఒసైరిస్, రా, ప్తా, సెట్, బాస్టెట్ అనే ఐదుగురు దేవతలకు గుళ్లు కట్టించే ఈ ఆటలో సోబెక్‌కు గుడి లేదు. కోమ్ ఒంబోలో సోబెక్ గుడి నేటికీ నిలిచి ఉంది, దాని పక్కన మొసళ్ల మమ్మీలను చూపించే ప్రదర్శనశాల కూడా ఉంది. అస్వాన్ ఆనకట్ట 1970లో పూర్తయ్యాక ఈజిప్టులో బతికున్న మొసళ్లు ప్రధానంగా దాని ఎగువన, నాసర్ జలాశయంలోనే మిగిలాయన్నది గుర్తుంచుకుంటే, గుడి గోడల మీద చెక్కిన మొసలిని చూసే కన్ను మారుతుంది.

ఐదోది '0 ఏ.డి.' అన్న ఆట. ఔత్సాహికులు కలిసి తయారుచేస్తున్నది, పూర్తిగా ఉచితం, దాని ప్రోగ్రామ్ మూలం అందరికీ తెరిచే ఉంటుంది. నైలు మొసలి ఇందులో సరైన పేరుతో, సరైన రూపంతో ఉంది. పేరు దగ్గర పాత ఆట చేసిన తప్పు వీళ్లు చేయలేదు. ఈజిప్టును ఏలిన టోలెమీలు, మన మౌర్యులు ఇద్దరూ ఇందులో ఉన్నారు. మౌర్యులతో ఆడుతూ కోట కట్టినప్పుడు నాకు ఒక కోరిక పుట్టింది, అది ఏ ఆటలోనూ తీరలేదు.

కౌటిల్యుడు దుర్గ నిర్మాణం గురించి చెబుతూ కోట చుట్టూ తవ్వే కందకాల్లో పద్మాలు, మొసళ్లు ఉండాలంటాడు. పద్మాల ఆకులు నీటి లోతును, లోపలి మొసళ్లను కప్పిపెడతాయని నేను ఊహించుకున్నాను. సైనికుడికి జీతం ఇవ్వాలి, తిండి పెట్టాలి, రాత్రి కాపలా కాస్తూ నిద్రపోతాడేమోనని చూసుకోవాలి. మొసలికి ఇవేవీ అక్కరలేదు. నెలల తరబడి పస్తు ఉండి, కదలకుండా, కనిపించకుండా కాపలా కాయగల జంతువును కందకంలో వదలడం స్థానబలం అంటే ఏమిటో తెలిసినవాడు ఇచ్చిన సలహా. చెన్నై నుంచి సుమారు 140 కిలోమీటర్లు వెళితే వేలూరు కోట కందకం కనిపిస్తుంది. విజయనగర రాజుల కింద బొమ్మిరెడ్డి, తిమ్మారెడ్డి అనే నాయకులు కట్టించారని చెప్పే ఆ కోట చుట్టూ నీళ్లు నేటికీ ఉన్నాయి. పూర్వం ఆ నీళ్ల నిండా మొసళ్లుండేవని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1997 నుంచి సాగుతున్న 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' పరంపరలో కోటలు, కందకాలు, మొసళ్లు మూడూ ఉండి కూడా ఆ మూడింటినీ కలపాలన్న ఆలోచన రాకపోవడం నాకు వింతగానే తోచింది.

కొనదలచుకున్నవారికి నా సలహా ఇది. మొసలి మొసలిలా ఉండే ఆట కావాలంటే 'ఫారో: ఎ న్యూ ఎరా' తీసుకోండి, అయితే యుద్ధం కోసం కాదు, ఓపిక కోసం. పిల్లలతో కలిసి కూర్చుని ఈజిప్టు కథలు చెప్పుకుంటూ ఆడాలంటే 'ఏజ్ ఆఫ్ మిథాలజీ: రీటోల్డ్' మంచిది. డబ్బు పెట్టకుండా చూడాలంటే '0 ఏ.డి.' ఉంది. మొదటి 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్'ను పాత జ్ఞాపకాలు ఉన్నవారికే సిఫారసు చేస్తాను. రెండోది ఎలాగూ అందరి దగ్గరా ఉంది, మొసలి కోసం మాత్రం కొనవద్దు. ఆట కొన్నా కొనకున్నా పిల్లలను ఒకసారి వడనెమ్మేలికి తీసుకువెళ్లండి; ఉప్పునీటి మొసలికి మేత వేసే వేళకు వెళితే, అంతవరకు దుంగలా ఉన్నది ఎంత వేగంగా నోరు మూస్తుందో కనిపిస్తుంది. మా వాణ్ణి రెండోసారి అలాంటి వేళకే తీసుకువెళ్లాను. ఈసారి సిమెంటు మాట ఎత్తలేదు, గోడకు ఒక అడుగు వెనక్కి మాత్రం జరిగాడు.

ఇంటికి వచ్చాక వాడు రెండో ఆటలోని సినారియో ఎడిటర్ తెరిచి, కోట చుట్టూ లోతు తక్కువ నీటితో కందకం గీసి, అందులో పన్నెండు మొసళ్లను వరుసగా పెట్టాడు. నేను కౌటిల్యుడి గురించి చెప్పిన మాటలు వాడి చెవిన పడ్డాయన్నమాట. ఆట మొదలుపెట్టగానే శత్రువు ఇంకా బయలుదేరనే లేదు, కోటలోంచి కట్టెల కోసం వెళ్లిన మా పనివాడినే మొసళ్లు పట్టుకున్నాయి. "మామయ్యా, మనవాళ్లనే తింటున్నాయి!" అంటూ వాడు మిగతా పనివాళ్లను లోపలికి పరిగెత్తించాడు. మొసళ్లన్నీ కందకం వదిలి, గట్టెక్కి, వాళ్ల వెనకే కోటలోకి వచ్చేశాయి.